పొయ్యి వెలగని ఆదివారాలు

చిరాగ్‌పల్లి
9 జనవరి 1978, సోమవారం

అక్కా, ముందు ఒక ప్రశ్న. వందనాలు తరువాత. నీకు విశ్రాంతి ఉన్నదా? దాటవేయకుండా జవాబు చెప్పు. నెల జీతం ఉన్నది, దవాఖాన వారిచ్చిన క్వార్టరు ఉన్నది, తెల్ల చీర మీద నీ పేరు రాసిన బిళ్ళ ఉన్నది. విశ్రాంతి ఉన్నదా?

ప్రభువునందు ప్రియమైన అక్క గిరిజమ్మకు తమ్ముడు వీరప్ప వందనములు. క్రిస్మసు కూడా ఆదివారమే వచ్చింది కదా, ఆ రోజు కూడా నీవు డ్యూటీ చేశావని బస్వరాజ్ చెప్పాడు. గుల్బర్గా బస్సుకు కండక్టరుగా తిరుగుతున్న మన ఊరి బస్వరాజే. నాకు తల కొట్టేసినట్టయింది. పది ఆజ్ఞలలో తొమ్మిది పాటించి ఒకటి విడిచిన వాడు పదీ విడిచినవాడే. నేను బడికి పోయి చదివినవాణ్ణి కాను. అల్లం చేలో గట్టు మీద కూర్చుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని వాక్యం చదివినవాణ్ణి. అందుకే నాకు మెలికలు తెలియవు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

నవంబరులో జరిగిన పంట పండుగ నాటి నుండి మా కూటంలో ఒక కట్టడ చేశాను. విశ్రాంతి దినాన మీ ఇండ్లలో నిప్పు రాజబెట్టకూడదని ధర్మశాస్త్రంలో ఉన్నది. కనుక ఆదివారం మా ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా కోహీరు నుండి, ఇటు మన ఊరి నుండి నలభై మంది వచ్చి, వాక్యం విని, కడుపునిండా తిని పోతున్నారు. కడక్ రొట్టెలు, పల్లీల పొడి, మజ్జిగ. ఇశ్రాయేలీయుల మన్నా మరునాటికి పురుగు పట్టింది. మన జొన్న కడక్ రొట్టె వారమైనా చెడదు! ఈ సరిహద్దు ప్రాంతానికి దేవుడు అంతకన్నా మంచి మన్నా ఇచ్చాడని మొన్న ప్రసంగించాను. జనం హల్లెలూయా అన్నారు.

అమ్మ అట్లే ఉన్నది. పక్షవాతంతో కుడివైపు పడిపోయి రెండేళ్ళు నిండాయి. కోడలి ధర్మంగా దేవమ్మ చూసుకుంటున్నది. అల్లం తవ్వకం నడుస్తున్నది. దేవమ్మ నడుము నొప్పి అంటున్నది. పాత చీర పేలికతో నడుమూ పొత్తికడుపూ బిగించి కట్టుకుని తవ్వకానికి వస్తున్నది. అన్నం కూడా నిలబడే తింటుంది, కూర్చుంటే లేవడం కష్టమట. విశ్వాసంలో సందు ఉంటే నొప్పి అందులో నుంచే దూరుతుందని చెప్పాను.

నా ప్రశ్నకు జవాబు కావాలి.

క్రీస్తు సువార్త కూలివాడు,
వీరప్ప


గుల్బర్గా
17 జనవరి 1978

తమ్ముడు వీరప్పకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం కాన్పుల వార్డులో ఉండగా అందింది. అప్పుడే ఒక ఆడపిల్ల పుట్టింది. ఆదివారం పుట్టవలసిన పిల్లలు నీ కట్టడ విని సోమవారం దాకా ఆగరు. నీ ప్రశ్నకు జవాబు ఇంతే. నాకు మంగళవారం సెలవు. ఆ రోజు తలంటుకుంటాను, ఒక అధ్యాయం చదువుతాను, మధ్యాహ్నం పడుకుంటాను. దేవుడు మంగళవారం కూడా ఇంట్లోనే ఉంటాడు.

ఇప్పుడు నా ప్రశ్న. నలభై మంది, మనిషికి మూడు చొప్పున నూట ఇరవై రొట్టెలు. ఆ పిండి ఎవరు విసిరారు? ఎవరు తడిపారు? పీట మీద ఎవరు కొట్టారు? కడక్ రొట్టె మెత్తని రొట్టెలాగా దిగదు, సన్నసెగ మీద గట్టిపడేదాకా పెనం ముందు కూర్చోవాలి. ఎవరు కూర్చున్నారు? నీ ఉత్తరంలో మన్నా ఉన్నది, హల్లెలూయా ఉన్నది, ఆ పేరు లేదు. ఆదివారం బరువంతా ఎత్తి శనివారం మీద పెట్టి, ఆ శనివారాన్ని ఒక్క మనిషి నెత్తిన పెట్టావు.

దేవమ్మను ఇక్కడికి పంపు. ఎవరైనా తోడు వస్తే మంచిది. అది కుదిరేలోగా కొన్ని పనులు చేయించు. నీళ్ళ బిందెలు ఎత్తనీయకు. అన్నం పీట మీద కూర్చుని తినమను, లేచేటప్పుడు నీ చేయి ఇవ్వు. మధ్యాహ్నం ఒక గంట కాళ్ళ కింద మెత్త పెట్టుకుని పడుకోమను. సాయంత్రం గోరువెచ్చని నీళ్ళలో ఇంత ఉప్పు వేసి పాదాలు పెట్టుకోమను. ఇవి చిన్న పనులని చిన్నచూపు చూడకు. తుపానులో కూడా ప్రభువు తలగడ వేసుకుని నిద్రపోయాడు. ఆయనకు విశ్వాసంలో సందు ఉన్నదని ఎవరూ అనలేదు.

ఇంకా అడగవలసినవి ఉన్నాయి గాని రాయను. నా ఉత్తరాలు నీవు కూటంలో పైకి చదువుతావని తెలిసింది. కొత్త నర్సు చేరేదాకా నాకు వరుసగా రెండు రోజులు సెలవు దొరకదు. లేకుంటే నేనే వచ్చేదాన్ని.

అమ్మకు వీపు పుండ్లు పడకుండా రెండు పూటలా పక్క మార్చండి.

అక్క,
గిరిజమ్మ


చిరాగ్‌పల్లి
6 ఫిబ్రవరి 1978

ప్రభువునందు అక్కకు వందనములు.

నీ సలహా శిరసా వహించాను. నన్ను మొండివాడంటారు గాని మంచి మాట ఎవరు చెప్పినా వింటాను. మధ్యాహ్నపు గంట విశ్రాంతి సంగతి కూటంలో చదివాను. ఒక్క దేవమ్మకే ఎందుకు? ఆడవారందరికీ మేలు కలగాలని కట్టడ చేశాను. సరిగ్గా రెండు గంటలకు మా వాకిట్లో గంట కొడతాను. పనులు ఆపి పదిహేను మంది స్త్రీలు వస్తారు. దేవమ్మ ముందే చాపలు పరచి, అందరికీ చాయ్ పెడుతుంది. ఆ గంటసేపూ నేను విశ్రాంతి గురించి ప్రసంగిస్తాను. దీనికి విశ్రాంతి కూటం అని పేరు పెట్టాను.

కాని సాతాను ఊరకుంటాడా? మూడో రోజు ఏలీయా ప్రవక్త గురించి ఎలుగెత్తి చెబుతుంటే ముందు వరుసలో దేవమ్మ గోడకు ఆనుకుని నిద్రపోయింది. నోరు తెరిచి నిద్రపోయింది. బోధకుని భార్య! లేపి అందరి ముందూ గద్దించాను. అల్లం చేను హద్దు పంచుకునే పక్కింటి భాగీరథమ్మ ఆ సమయానికి కంచె మీదుగా చూస్తున్నది. ఆమె మన మతం కాదు గదా, నోటికి అడ్డు లేదు.

"గదేందయ్యా వీరప్పా, ఇశ్రాంతికని పిలిస్తివి, నిద్రపోతె కసురుతివి. నిద్ర గాకుంటె ఇంకేందయ్యా ఇశ్రాంతి?" అన్నది.

ఆడవాళ్ళు పళ్ళికిలించారు. "ఆత్మకు విశ్రాంతి, భాగీరథమ్మా" అన్నాను. "గా ఆత్మ యాడుంటది? పెయిలనే గద ఉండేది. జర పెయిని గూడ పండనియ్యి" అన్నది. అజ్ఞానంతో వాదన ఎందుకని పాట ఎత్తుకున్నాను.

ఉప్పునీళ్ళకు వేడినీళ్ళు కావాలి. వారంలో ఆరు రోజులు పెట్టుకోవచ్చునని దేవమ్మకు చెప్పాను. పెట్టుకుంటున్నట్టు లేదు. తీరిక లేదంటుంది. చూశావా, సౌకర్యం ఇచ్చినా అందుకోరు.

అల్లం తవ్వకం అయిపోయింది. ఆ చేనుకు ఇక రెండేళ్ళు అల్లం పెట్టను, కంది చల్లి తేరుకోనిస్తాను.

ప్రభువు సేవలో,
వీరప్ప


గుల్బర్గా
14 ఫిబ్రవరి 1978

వీరప్పకు,

నేను పడుకోనివ్వమన్నాను. కూటం పెట్టమనలేదు. పదిహేను మందికి చాయ్ పెట్టి, చాపలు పరచి, మళ్ళీ ఎత్తి, కప్పులు తోమిన మనిషికి అది విశ్రాంతి గంట కాదు, అదనపు డ్యూటీ.

ఏలీయాను నీవు ఎత్తుకున్నావు కాబట్టి అడుగుతున్నాను. ఆ కథ మళ్ళీ చదివావా? అడవిలో చెట్టు కింద పడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు ఆ ప్రవక్త. దేవదూత వచ్చి ఏం చేశాడు? ప్రసంగించలేదు. రొట్టె కాల్చి పెట్టాడు, నీళ్ళ బుడ్డి పెట్టాడు, తిననిచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. రెండుసార్లు. దేవుడు మాట్లాడింది ఆ తరువాత. ముప్పై ఏళ్ళుగా వార్డులో నేను చూసిన క్రమం కూడా అదే.

నీ అల్లం చేనుకు రెండేళ్ళు ఇస్తానన్నావు. మంచిది. ఎవరు చెబితే తెలిసింది నీకు? చేనును చూస్తే తెలిసింది. ఇంట్లోకి కూడా అట్లాగే చూడు.

ఇంకొక మాట. నా అనుమానం నిజమైతే దేవమ్మ నీ దగ్గర ఒక సంగతి దాస్తున్నది. ఇంతకన్నా వివరంగా రాయను, ఎందుకో నీకు తెలుసు. నలుగురిలో వద్దు. ఒంటరిగా, మెల్లగా అడుగు. లేదా అడగకుండా బస్సెక్కించు.

గిరిజమ్మ


చిరాగ్‌పల్లి
25 ఫిబ్రవరి 1978, శనివారం

అక్కా,

వందనాలు రాసే స్థితిలో లేను. దేవమ్మ నీ దగ్గరకు వచ్చిందా? తిరుగు బస్సుకే బస్వరాజ్ చేత కబురు పంపు.

జరిగినది చెబుతాను. నీ ఉత్తరం నా గుండెకు ఈటెలాగా తగిలింది. నా భార్య నా దగ్గర దాస్తున్నది! ఆకాను కథ గుర్తు వచ్చింది. ఒక్కడు గుడారంలో దాచిన దానివల్ల ఇశ్రాయేలు జనమంతా యుద్ధంలో ఓడిపోయారు. మా కూటం ఎందుకు పెరగడం లేదో, అమ్మ ఎందుకు లేవడం లేదో నాకు అప్పుడు అర్థమయినట్టు తోచింది. బుధవారం కూటంలో ఆకాను గురించి బోధించాను. చివర దేవమ్మను నిలబెట్టాను. నలుగురిలో వద్దని నీవు రాశావు. పాపాన్ని చీకట్లో ఒప్పుకుంటే వెలుగు ఎట్లా వస్తుందని నేను అనుకున్నాను. "దాచిన పాపం ఏదో సహోదరుల ఎదుట ఒప్పుకో" అన్నాను.

అందరూ చూస్తున్నారు. ఆమె కొంగు సర్దుకుని, "నేను పాపం చెయ్యలే. గది నలుగుట్ల చెప్పేది గాదు" అన్నది. మూడు సార్లు అడిగాను. మూడు సార్లూ నేల చూసింది.

ఈ ఉదయం నేను కోహీరు పోయి వచ్చేసరికి ఇల్లు చల్లగా ఉన్నది. అమ్మకు స్నానం చేయించి, గంజి తాగించి, పక్క మార్చి, భాగీరథమ్మతో, "అత్తమ్మకు జర నీళ్ళు తాగియ్యి, నేను వదినె తానికి పోత" అని చెప్పి బస్సెక్కిందట. పిండి డబ్బాలో పిండి అట్లే ఉన్నది. ఒక్క రొట్టె కూడా కాలలేదు. రేపు నలభై మంది వస్తారు.

పాపం ఏదైనా క్షమిస్తానని చెప్పు. వచ్చెయ్యమను.

వీరప్ప


గుల్బర్గా
28 ఫిబ్రవరి 1978, మంగళవారం

వీరప్పా,

ఇది ఒంటరిగా చదువు. కూటంలో చదివితే ఇదే నా ఆఖరి ఉత్తరం.

దేవమ్మ నా దగ్గరే ఉన్నది. శనివారం మధ్యాహ్నం వచ్చింది. బస్సులో కూర్చోలేక హుమ్నాబాదు నుంచి నిలబడే వచ్చిందట. మంచం చూపించాను. ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. మధ్యలో రెండుసార్లు లేపి జావ తాగించాను, తాగి మళ్ళీ పడుకుంది.

ఆమె దాచినది పాపం కాదు. గర్భసంచి జారి బయటికి వచ్చింది. ఏడాది దాటింది. నీవు సిగ్గుపడితే పడు, ఇక నేను ముసుగు వేసి రాయను. కిందటిసారి వేసి రాసినందుకు ఆమె నలుగురిలో నిలబడవలసి వచ్చింది. ఆ తప్పులో సగం నాది. ఆ పేలిక నడుము నొప్పికి కాదు, జారిన దాన్ని ఆపుకోవడానికి. బిందెలు ఎత్తి, అమ్మను ఎత్తి, అల్లం బుట్టలు ఎత్తి అది పుండు పడింది. రక్తం పోతున్నది. ఒంట్లో ఉండవలసిన రక్తంలో సగం కూడా లేదు. ఈ రెండు రోజుల్లో రెండు సీసాలు ఎక్కించారు, ఒకటి నాది.

"ముందే ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను.

"ఎట్ల చెప్త వదినె? ఆయన పొద్దందాక దేవుని మాటలే చెప్తడు. గంత పెద్ద మాటల నడుమ నాది గిట్ల జారిందని చెప్పబుద్ధి గాలె" అన్నది.

నిన్న ఉదయం దవాఖాన వెనక అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. చాయ్ వేరేవాళ్ళు పెట్టి ఇస్తే తాగి ఎన్నాళ్ళయిందో లెక్క పెట్టుకుంటున్నది. "ఇట్ల ఉత్తగ కూసుంటె దేవుడు కోపం జెయ్యడా?" అని అడిగింది. చేయడని చెప్పాను. కప్పు పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నది. ప్రార్థన చేస్తున్నావా అంటే, "లే. ఆయన తాన కూసున్న, అంతే" అన్నది. వీరప్పా, నీవు నెల రోజులుగా గంట కొట్టి బోధించినది ఆమెకు అరుగు మీద అర్థమయింది.

ఇక పని మాట. ఆపరేషన్ చేయాలి. చేసే పెద్ద డాక్టరమ్మ ఆరు నెలలకు ఒకసారి వస్తుంది, ఈ గురువారం సాయంత్రం దాకానే ఉంటుంది. పుండు ఆరు నెలలు ఆగదు. భర్త సంతకం లేకుండా చేయరు. కాగితం ఇందులోనే పెట్టాను. సంతకం పెట్టే ముందు ఒకటి తెలుసుకో. తరువాత మూడు నెలలు ఆమె బిందె ఎత్తదు, అమ్మను ఎత్తదు. ఆ పైన కూడా నూట ఇరవై రొట్టెలు కొట్టదు.

బస్వరాజ్ రేపటి బండిలో ఇది తెస్తాడు. గురువారం పొద్దుటి బండికి తిరిగి పంపు.

గిరిజమ్మ


చిరాగ్‌పల్లి
2 మార్చి 1978, గురువారం, ఉదయం

అక్కా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చేలోకి పోయి ఒంటరిగా చదివాను. అప్పుడే సంతకం పెట్టి ఉండవలసింది. పెట్టలేదు. కత్తి లేకుండా ప్రార్థనతోనే బాగుచేయమని దేవుణ్ణి అడుగుదాం, సహోదరులను పిలిచి ఉపవాసం ఉందాం అనుకున్నాను. నా ఆలోచన ఎట్లా పోతుందో నీకు తెలుసు.

అంతకు ముందు ఆదివారం జరిగింది చెప్పాలి. నలభై మంది వచ్చారు, రొట్టె లేదు. ఉపవాస దినం అని ప్రకటించాను. లోపల అమ్మ మూలుగుతున్నది. డబ్బాలో మిగిలిన కడక్ రొట్టె నీళ్ళలో నానబెట్టి పెట్టాను, మింగలేకపోయింది. భాగీరథమ్మ వచ్చి గడపలో నిలబడి, "గంజి ఏది?" అన్నది.

"ఆదివారం పొయ్యి వెలగదు" అన్నాను.

"మీ పొయ్యి వెలగకుంటె మా పొయ్యి వెలగలేదా? ఎన్ని ఐతారాల సంది మీ అమ్మ గంజి మా పొయ్యి మీదనే ఉడుకుతున్నది. దేవమ్మ చాటుకు తెచ్చి వండుకపోతుండె. నీకెర్క లేదా? ఏం స్వామివయ్యా నువ్వు!"

నాకు ఎరుక లేదు. నా కట్టడ ఒక్క ఆదివారం కూడా నిలవలేదు, అక్కా. నిలిచిందని నేను మూడు నెలలు ప్రసంగించాను. నలభై మంది చూస్తుండగా పొయ్యి రాజేశాను. గంజి అడుగంటింది. అమ్మ తాగింది. కోహీరు వారు ఇద్దరు లేచిపోయారు.

అయినా నిన్న కాగితం ముందు చేయి ఆడలేదు. సాయంత్రం కూటానికి లూకా తెరిచాను. పద్దెనిమిదేండ్లు నడుము వంగి, ఎంతమాత్రమూ చక్కగా నిలబడలేని స్త్రీ. ప్రభువు ఆమెను విశ్రాంతి దినాననే బాగు చేశాడు. అది చూసి సమాజమందిరపు అధికారి మండిపడ్డాడు, పని చేయడానికి ఆరు దినాలు ఉన్నాయి గదా అన్నాడు. ఆ వాక్యం మీద నేను ఎన్నిసార్లు నిప్పులు కురిపించానో! ఆ అధికారికి అక్కడ పేరు లేదు. నిన్న పైకి చదువుతూ ఆ చోట ఆగిపోయాను. ఆగి నా పేరు చదివాను.

జనంతో చెప్పాను. దేవమ్మ దగ్గర పాపం లేదు, ఆమెను నిలబెట్టింది నేను, ఒప్పుకోవలసింది నేను అన్నాను. జబ్బు పేరు చెప్పలేదు. అది ఆమె సంగతి. భారం మోసేవారు నా దగ్గరకు రండి అని ప్రభువు పిలిస్తే, నేను వాకిట్లో నిలబడి వచ్చేవారి నెత్తిన ఇంకొక మూట పెట్టాను. ఇక నుంచి వచ్చేవారు ఎవరి రొట్టె వారు తెచ్చుకుంటారు. వెచ్చగా కావలసినవారు వెచ్చబెట్టుకుంటారు. గంట తీసి అటక మీద పెట్టాను.

మంచివాణ్ణయ్యానని రాయడం లేదు. ఈ ఐదు రోజులు నీళ్ళు నేనే మోశాను. పొద్దున్నే పది బిందెలు. అమ్మను పక్క మార్చడానికి ఎట్లా ఎత్తాలో తెలియక మొదటి రోజు మంచం మీద నుంచి జారవిడువబోయాను. ఇవాళ నా నడుము కూడా పట్టేసింది. నిన్న రాత్రి ఉప్పునీళ్ళలో పాదాలు పెట్టి కూర్చున్నాను. నోట ఒక్క వాక్యం రాలేదు. ఎవరో పక్కన ఉన్నట్టే ఉన్నది.

నేను బండి ఎక్కి రావాలి. రాలేను. అమ్మను విడిచి నాలుగు గంటల దూరం పోలేను. బస్సు ఆగేచోటికి పోయి రావడానికే భాగీరథమ్మను కూర్చోబెట్టాలి. ఇంతకాలం దేవమ్మను పంపు, దేవమ్మను పంపు అని నీవు రాస్తుంటే, ఆమె రావడానికి ఏం అడ్డమని నేను అనుకున్నాను. అడ్డం ఏమిటో ఇప్పుడు నా చేతుల్లో ఉన్నది.

దేవమ్మతో చెప్పు. త్వరగా వచ్చెయ్యమని నేను అడగడం లేదు. మూడు నెలలు కాకుంటే ఆరు నెలలు ఉండమను. అరుగు మీద కూర్చోమను. మాట ఏదైనా చెప్పాలనిపిస్తే నీతో రాయించమను, నేను పైకి చదవను.

కాగితం మీద సంతకం పెట్టాను. బిందెలు మోసిన చేయి కదా, అక్షరాలు వంకర పోయాయి, అందుకని పక్కనే వేలిముద్ర కూడా వేశాను. సంతకం పోలలేదని ఎవరైనా అంటే అది చూపించు. ఆరున్నర బండి పెద్ద రోడ్డు మీద హారను కొడుతున్నది, బస్వరాజ్ చేతికే ఇస్తున్నాను. దారిలో ఎక్కడా దిగకుండా నేరుగా వార్డుకే తెస్తానని మాట ఇచ్చాడు. పదిన్నరకు నీ చేతిలో ఉంటుంది.

అక్కా, ఈ ఉత్తరం మడిచి దాచుకోవడానికి కూడా ఆగకు. డాక్టరమ్మ సాయంత్రం వెళ్ళిపోతుంది. ఆమె భోజనానికి లేవకముందే కాగితం ఆమె ముందు పెట్టు. రేపు అనేది మన చేతిలో లేదు. లే, పో, ఈ రోజే చేయించు. ఈ రోజే!

తమ్ముడు,
వీరప్ప